ముద్ద పెట్టే బొటనవేలు

మా అమ్మ అన్నం మానేసింది. అలిగి కాదు, ఉపవాసాల పేరు చెప్పీ కాదు. పళ్ళెంలో ఇంత పెట్టుకుని, కాసేపు కెలికి, "ఆకలిగా లేదే" అని లేచిపోయేది. లేదంటే, "మీరు తినండి, నేను తర్వాత తింటా" అనేది. ఆ తర్వాత ఎప్పుడు తినేదో, ఏం తినేదో దేవుడికే తెలియాలి. అన్నంలో మజ్జిగ పోసి జావలా పిసికి, గ్లాసులో పోసుకుని తాగడం మాత్రం ఒకటి రెండుసార్లు చూశాను. జాకెట్లు వదులైపోయాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

అప్పటికి నాన్న పోయి కొన్నేళ్ళయింది. అమ్మ గుంటూరులో నా దగ్గరే ఉంటోంది. తమ్ముడు వినుకొండ దగ్గర మా ఊళ్ళో మిరప, పత్తి వేస్తాడు. ఇంట్లో మనిషి తినడం లేదంటే మన జనం ఊరుకుంటారా? తలా ఒక కారణం చెప్పారు. పళ్ళు కదులుతున్నాయేమో అన్నారు మావారు. పళ్ళ డాక్టరు టార్చిలైటు వేసి చూసి, ఈ వయసులో ఇంత గట్టి పళ్ళా అని ముచ్చటపడి పంపించాడు. తమ్ముడు ఫోన్లో గోల మొదలెట్టాడు. "అమ్మకి ఆ టౌను నీళ్ళు పడతల్లేదక్కా. నీ కుక్కర్లో కూడు నోటికి ఎక్కుద్దా? నేనొచ్చి తీసకపోతా." పక్కింటావిడ దిష్టి అంది. ఆవిడే ఎండుమిరపకాయలూ ఉప్పూ అమ్మ చుట్టూ తిప్పి పొయ్యి మీద పడేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదట. మా తమ్ముడి పొలంలో కాయ అది, ఘాటు రాకుండా ఉంటుందా? మా అంతస్తులో ఉన్నవాళ్ళందరూ తలుపులు తీసుకుని దగ్గుతూ బయటికొచ్చారు. "అయితే దిష్టి కాదులే" అని ఆవిడ కూడా దగ్గుతూనే వెళ్ళిపోయింది.

చివరికి కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గొంతులోంచి గొట్టం వేసి చూశారు. అమ్మ ఆ గొట్టానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ నోరెత్తి ఒక్క మాట అనలేదు. "కడుపు శుభ్రంగా ఉందమ్మా, పుండు కూడా లేదు" అన్నాడు డాక్టరు. అంతా సంతోషించారు. నాకు మాత్రం ఆ మాటతో భయం ఎక్కువైంది. ఏమీ లేకపోతే మనిషి ఎందుకు ఇలా కరిగిపోతోంది? అమ్మ నాకు దక్కదేమోనని ఆటోలో వస్తూ మొదటిసారి అనిపించింది. పక్కనే కూర్చున్న అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చటుక్కున లాక్కుంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

ఒకప్పుడు మా ఇంట్లో అన్నం తినడమంటే అమ్మ చెయ్యే. చిన్నప్పుడు మాకు పళ్ళేలు ఉండేవి, ఎవరు వాడారు కనుక! పండుమిరపకాయల రోజుల్లో అయితే అసలే వాటి జోలికి పోయేవాళ్ళం కాదు. చెట్టు మీదే పండి ఎర్రబడి, ఇంకా ఎండని కాయలు తెచ్చి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, తొడిమలు తీసి, చింతపండూ ఉప్పూ వేసి రోట్లో దంచేవాళ్ళు. అదే కొరివికారం. రోలు పక్కన నిలబడితే ముక్కూ కళ్ళూ ఏకమయ్యేవి. అయినా అక్కడి నుంచి కదిలేవాళ్ళం కాదు. పొగలు కక్కే అన్నం పెద్ద సత్తు బేసినులో వేసి, కొరివికారం, నెయ్యి వేసి అమ్మ కలిపేది. తమ్ముడూ నేనూ, నాన్నా, ఒక్కోసారి పొలం నుంచి వచ్చిన మేనత్తా బేసిను చుట్టూ కూర్చుని అరచేతులు చాపేవాళ్ళం.

ఆ ముద్ద పెట్టడం ఎలా ఉండేదంటే, అమ్మ అన్నాన్ని నాలుగు వేళ్ళ మీదికి తీసుకుని, గుండ్రంగా ఒత్తి, బొటనవేలితో ఒక్క నెట్టు నెట్టేది. ముద్ద జారి మన అరచేతిలో పడేది. ఒక్క మెతుకు చెదిరేది కాదు. వేడికి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసుకుంటూ నోట్లో వేసుకునేవాళ్ళం. నాన్న ముద్ద పెద్దది, నాది మధ్యరకం, తమ్ముడిది చిన్నది. వాడికి చిన్నది పెట్టినందుకు రోజూ ఏడుపే. బేసిను అడుగున నెయ్యీ కారమూ బాగా పట్టిన అన్నం ఉంటుంది చూడండి, ఆ ఆఖరి ముద్ద కోసం మేం కొట్టుకునేవాళ్ళం. అమ్మ వేళ్ళతో అంచులన్నీ తుడిచి దాన్ని చేసేది. "నిన్న దానికి పెట్టా, ఇయ్యాల నీదిరా" అని తమ్ముడి చేతిలో వేసేది. తర్వాత అదే బేసినులో ఇంత తెల్లన్నం వేసుకుని, పచ్చిపులుసో మజ్జిగో పోసుకుని తను తినేది.

ఆ బొటనవేలు చేయని పని లేదు. మిరప కోతల్లో కాయను పట్టుకుని, తొడిమ మీద బొటనవేలు ఆనించి పైకి విరిస్తే చిటుక్కుమనేది. సంచి నిండేదాకా ఆ చిటుకు ఆగేది కాదు. పత్తి తీసేటప్పుడు ఎండిన గుల్లల మొనలు గోటి పక్కన గుచ్చుకునేవి. కళ్ళంలో పట్టాల మీద ఎండిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరేటప్పుడు అమ్మ చూపు ముందు వెళ్ళేది, వెనకే వేళ్ళు వెళ్ళేవి. సాయంత్రం వచ్చి నా జడ బిగించి వేసేది. ఎంత బిగించేదంటే నా కనుబొమ్మలు పైకి లేచేవి. "అమ్మా, నొప్పే" అంటే, "బిగిత్తేనే నిలబడుద్ది, నోర్మూసుకో" అనేది. ఇప్పుడు ఆ జడా లేదు, ఆ జుట్టూ లేదు. ఆ తిట్టు మాత్రం మళ్ళీ వినాలని ఉంటుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అన్ని పాఠాల్లోకీ నాకు కీళ్ళ పాఠం అంటే ఇష్టం. దానికి ప్రయోగశాల అక్కర్లేదు, పిల్లల ఒళ్ళే ప్రయోగశాల. భుజం తిప్పరా, అది బంతి గిన్నె కీలు. మోచెయ్యి మడుచు, అది మడతబందు కీలు, తరగతి గది తలుపులాగా ఒకవైపే తెరుచుకుంటుంది. తల అడ్డంగా ఊపు, అది బొంగరపు కీలు. హోంవర్కు చేశావా అని అడిగితే అందరూ ఆ కీలే వాడేవాళ్ళు.

ఎముకకు ఎముక ఒరుసుకుంటే అరగదా అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. అడగకపోతే నేనే తిట్టి అడిగించేదాన్ని. ఎముకల కొసలకు మృదులాస్థి ఉంటుంది, కొబ్బరి ముక్కలా తెల్లగా, నున్నగా. రెండు కొసలనూ కలిపి చుట్టూ ఒక సంచి. ఆ సంచికి లోపలివైపు పల్చటి పొర. ఆ పొరలోంచి ఊరే జిగట నీరు కోడిగుడ్డు తెల్లసొనలా ఉంటుంది. ఈ ఏర్పాటు ఉన్నవాటినే సైనోవియల్ కీళ్ళు అంటారు. సంచి బయట బంధనాలు గట్టిగా కట్టి ఉంచుతాయి, ఎముక పక్కకు తప్పుకోకుండా. ఇందులో నాకు ఎప్పుడూ వింతగా అనిపించే సంగతి ఒకటుంది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. మనం కీలు కదిపినప్పుడు అది స్పాంజిలా నొక్కుకుని, మళ్ళీ పొంగి, ఆ జిగట నీటిలోంచే తనకు కావలసింది పీల్చుకుంటుంది. కదలకపోతే దానికి తిండి లేదు. అలాగని ఏళ్ళ తరబడి ఒకే పని మీద ఒత్తి ఒత్తి వాడినా అరిగిపోతుంది. మళ్ళీ మొలవదు.

పుస్తకంలో లేని ఇంకో కీలు నేను కలిపి చెప్పేదాన్ని. జీను కీలు. మా పిల్లలు గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులో తప్ప చూసి ఎరగరు, జీను ఎక్కడి నుంచి తేను? అందుకని, ఒక చేతి బొటనవేలి సందులో ఇంకో చేతి బొటనవేలి సందును అడ్డంగా కూర్చోబెట్టమనేదాన్ని. "ఇప్పుడు ఊపండి. ముందుకీ వెనక్కీ పోతోందా? పక్కలకీ పోతోందా? అదీ సంగతి. మణికట్టు పక్కన, బొటనవేలు మొదట్లో ఉన్న కీలు ఇదే. దీనివల్లే బొటనవేలు వెళ్ళి మిగతా నాలుగు వేళ్ళనీ పలకరించి వస్తుంది."

ఒకసారి ఊరికే చెప్పి ఊరుకోకుండా, మధ్యాహ్న భోజనానికి ముందు అందరి బొటనవేళ్ళూ చేతిరుమాళ్ళతో అరచేతికి కట్టించాను. అలాగే తిని రండి అన్నాను. అబ్బో, ఆ రోజు వరండా చూడాలి! ముద్ద వేళ్ళ మీదికి వస్తుంది, నోటి దగ్గరికి వస్తుంది, అక్కడి నుంచి ముందుకు పోదు. నెట్టే వేలు లేదుగా. పిల్లలు తలకాయలు పళ్ళేల్లోకి దించి, వేళ్ళు చప్పరిస్తూ, ఒళ్ళంతా సాంబారు చేసుకున్నారు. హెడ్మాస్టరు గారు పరుగున వచ్చి, "ఇదేం పాఠం మేడం, ఇళ్ళ నుంచి తల్లులొచ్చి నన్ను తిడతారు" అని లబలబలాడారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మకు చెబితే పడీ పడీ నవ్వింది. తన బొటనవేలు మడిచి అరచేతిలో దాచుకుని, ఉత్త పళ్ళెంలో తినబోయినట్టు నటించి, మళ్ళీ నవ్వింది.

ఆ కడుపు పరీక్ష జరిగిన కొద్దిరోజులకు తమ్ముడు మార్కెట్ యార్డుకు సరుకు తెచ్చి, అటు నుంచి మా ఇంటికొచ్చాడు. చేతిలో గోతం నిండా పండుమిరపకాయలు. "అమ్మా, మొదటి కోత కాయ. కొరివికారం చెయ్యి, తినకపోతే చూత్తా" అన్నాడు. అమ్మ మొహం ఒక్క క్షణం వెలిగింది. కాయలు కడిగి గుడ్డ మీద ఆరబోసింది. నేను చింతపండులో గింజలు తీసి వచ్చేసరికి హాల్లో కూర్చుని తొడిమలు కత్తెరతో కత్తిరిస్తోంది! కత్తెర కూడా మామూలుగా కాదు, పిడిలో నడివేళ్ళు దూర్చి పట్టుకుని.

"ఏందమ్మా, కత్తెరేంది?"

"గోళ్ళు మండుతన్నయ్యే."

జన్మంతా మిరపచేలో బతికిన మనిషికి గోళ్ళు మండటమేమిటి అనుకున్నాను గానీ, ముసలితనం కదా అని ఊరుకున్నాను. కారం మిక్సీలో తిప్పాం. మధ్యాహ్నం వేడి అన్నం వడ్డించాను. తమ్ముడూ మావారూ కూర్చున్నారు. అమ్మ తన పళ్ళెం తీసుకుని, "నేను వంటింట్లో తింటాలే, ఈడ ఫ్యాను గాలికి అన్నం చల్లారుద్ది" అని లోపలికి పోయింది. తమ్ముడు రెండో వాయి కలుపుకుంటూ నెయ్యి అడిగాడు. నెయ్యి గిన్నె కోసం నేను వంటింట్లోకి వెళ్ళాను.

అమ్మ గట్టు దగ్గర, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. తల పళ్ళెం మీదికి దించింది. నాలుగు వేళ్ళతో అన్నం ఎత్తి, మూతి దగ్గర పెట్టుకుని చప్పరిస్తోంది. సగం మెతుకులు మళ్ళీ పళ్ళెంలోకి, కొన్ని చీర మీదికి. బొటనవేలు ఆ పనితో సంబంధం లేనట్టు పక్కన కర్రలా నిలబడి ఉంది.

నా వరండా, నా పిల్లలు, ఆ చేతిరుమాళ్ళు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. కడుపు కాదు, పళ్ళు కాదు, టౌను నీళ్ళు కాదు. బొటనవేలు!

"చెయ్యి ఇట్టా తే" అన్నాను.

"పో అవతలికి. ఎంగిలి చెయ్యి."

"తెమ్మంటుంటే!"

కడిగించి చూశాను. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఎముక గుబ్బలా లేచి ఉంది. అక్కడ వేలు ఆనించగానే అమ్మ అబ్బా అని చెయ్యి లాక్కుంది, ఆటోలో లాక్కున్నట్టే. అప్పుడు నాకు చిర్రెత్తుకొచ్చింది. భయం తీరిన కోపం అది, ఆపుకోలేకపోయాను.

"గొంతులో గొట్టం కూడా వేయించుకున్నావు గానీ వేలు నొప్పని చెప్పలేదేందమ్మా? నోరు పడిపోయిందా?"

అమ్మ పైట కొంగుతో చీర మీది మెతుకులు ఒక్కొక్కటీ తీసింది.

"ఏమని చెప్పనే? ఇంటిల్లిపాదికీ ముద్దలు పెట్టిన చెయ్యి, ఇయ్యాల నా నోట్లోకే ముద్ద పెట్టుకోలేకపోతందని చెప్పనా? అల్లుడుగారి ముందు పళ్ళెంలో మూతి పెట్టి తిననా? సిగ్గుతో చచ్చిపోతన్నా."

తమ్ముడు ఎంగిలి చేత్తో గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. కలిపిన అన్నం అలాగే వదిలేసి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించాడు. "మృదులాస్థి ఫిల్ములో పడదమ్మా, అది ఉన్నచోట నల్లటి సందులా కనపడాలి. ఇక్కడ సందు లేదు చూడండి, ఎముక మీద ఎముక కూర్చుంది" అన్నాడు. నేను ఎన్నో ఏళ్ళు బోర్డు మీద సుద్దముక్కతో గీసిన బొమ్మే. సంచి, పొర, సందు. అమ్మ బొమ్మలో ఆ సందు పూడిపోయింది. మిరప తొడిమలూ, పత్తి గుల్లలూ, నా జడలూ, మా ముద్దలూ అన్నీ కలిసి దాన్ని అరగదీశాయి. బొటనవేలు కదలకుండా పట్టీ వేశారు. వాపు తగ్గాక చిన్న చిన్న వ్యాయామాలు చేయాలన్నారు, నొప్పి తగ్గుతుంది గానీ మునుపటి బలం రాదన్నారు. పూతమందు కూడా రాశారు. అందులో మిరపకాయ సారం ఉంటుంది, కళ్ళకు తగలనీయకండి అని డాక్టరు జాగ్రత్త చెబుతుంటే అమ్మ నోరెళ్ళబెట్టింది. "మిరపకాయ కోసీ కోసీ తెచ్చుకున్న నొప్పికి మళ్ళీ మిరపకాయేనా బాబూ? ముందే చెబితే మావాడి చేలోంచే తెచ్చుకునేదాన్నిగా!" అంది. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

కారణం తెలిసింది కాబట్టి ఇక తింటుందనుకున్నాం. తినలేదు. పట్టీతో కుడిచెయ్యి అసలే పనికిరాదు. ఎడంచేత్తో స్పూను పట్టుకోమంటే, "ఎడంచేత్తో అన్నం తింటారటే? ఏం మనిషివే?" అని కసిరింది. నేను నోట్లో పెడతానంటే, "మంచాన పడ్డాననుకున్నావా?" అంది. మళ్ళీ అదే గ్లాసు, అదే మజ్జిగ జావ. తిండిలేక మొహం పీక్కుపోతుంటే పట్టీ కట్టి ఏం లాభం? అలా అని బతిమాలితే మూతి ముడుచుకునేది. మొండితనంలో నాదీ అమ్మ పోలికే కాబట్టి ఎక్కువ వాదించలేదు.

తర్వాత తమ్ముడు మళ్ళీ వచ్చిన రోజు, వంటింట్లో అటక మీద నుంచి పాత సత్తు బేసిను దించాను. అది అమ్మతోపాటు ఊరి నుంచి వచ్చింది, దాన్లో ఉల్లిపాయలు పోస్తున్నాం. తోమి, వేడి అన్నం వేసి, కొరివికారం, నెయ్యి వేసి హాల్లో కింద పెట్టాను. "అందరూ రండి, పళ్ళేలు లేవు ఇయ్యాల" అన్నాను. మావారు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కూర్చున్నారు. తమ్ముడు బేసిను చూడగానే చటుక్కున చతికిలబడ్డాడు. అమ్మను నేనే తెచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టాను.

కలుపుతుంటే నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గానీ ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. బేసిను చుట్టూ కూర్చున్నవాళ్ళకు బొటనవేలితో పని లేదు. అరచెయ్యి చాపితే చాలు. పెట్టేవాళ్ళకే ఆ వేలు కావాలి. అందుకే మేమెవరం అమ్మ వేలి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ముద్ద ఒత్తి తమ్ముడి చేతిలో నెట్టాను. మావారికి పెట్టాను, ఆయన కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డారు. తర్వాత అమ్మ వైపు తిరిగాను. అమ్మ బేసిను కేసి చూస్తోంది. చెయ్యి ఒళ్ళోనే ఉంది.

"చాపమ్మా. అందరూ చాపారుగా."

మెల్లగా చాపింది. పట్టీ అడ్డం రాకుండా వేళ్ళ మీద ముద్ద పెట్టాను. అరచెయ్యి అలాగే ఎత్తి నోట్లో వేసుకుంది. ఒక్క మెతుకు పడలేదు. నమలుతూ కళ్ళు తుడుచుకుంది. కారానికి కాదని నాకు తెలుసు.

"ఉప్పు చాల్లా" అంది. కాసేపటికి, "మా అమ్మ పోయినాక నా చేతిలో ముద్ద పెట్టినోళ్ళు లేరే" అంది.

తమ్ముడు ముక్కు ఎగబీల్చి, కారం ఎక్కువేశావక్కా అన్నాడు. నేను ముద్దలు పెడుతూనే ఉన్నాను. అమ్మ చెయ్యి చాపుతూనే ఉంది. నాకు అన్నం తిన్నంత తృప్తిగా ఉంది. బేసిను ఖాళీ అయింది. అంచులన్నీ వేళ్ళతో తుడిచి, నెయ్యీ కారమూ పట్టిన అడుగన్నం అంతా ఒక్కచోటికి చేర్చాను. తమ్ముడు అలవాటుగా చెయ్యి చాపి, మళ్ళీ తనే వెనక్కి తీసుకున్నాడు.

ఆ ముద్ద అమ్మ ముందుకు తెచ్చాను.

"ఆఖరి ముద్ద నాకెందుకే? పిల్లలు మీరు తినండి" అంది అమ్మ. అంది గానీ, చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు.